ఎత్తు మీద మోత

పంతొమ్మిది వందల డెబ్బై ఆరు, కార్తీక మాసం. ఆ పొద్దున వైకుంఠం చేతిలో ఉన్నదల్లా ఒక పాత పెట్రోలు వ్యాను, దాని నిండా గాజులు. సాయంత్రానికి అనంతగిరి జాతరకు చేరితే ఏడాది గడిచినట్టే.

లాల్‌దర్వాజా గల్లీ నిండా జనం. వ్యాను మెల్లగా ఎత్తు ఎక్కుతోంది.

ఎవరో ముసలాయన పక్కనే నడుస్తూ బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

"చెయ్యి తియ్యి తాతా. కాలుతది."

"ఇంజన్ టకటక కొడుతున్నది బిడ్డా."

"ఇంజన్ కాదు, గాజులు. జాతరకు పోతున్నయ్ కదా, సంబురంతోని మోగుతున్నయ్."

ముసలాయన అతని నోటి వంకే చూశాడు. నవ్వలేదు.

"గాజులు గుంతలల్ల మోగుతయ్. ఇది ఎత్తు మీద కొడుతున్నది. పిస్టన్ పైకి రాకముందే మంట అంటుకుంటున్నది. టైమింగ్ జర వెనక్కి తిప్పు."

వైకుంఠం బ్రేకు తొక్కాడు. కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు తొక్కించి బయలుదేరిన బండి.

"మంచిగ బయలెల్లినోన్ని వెనక్కి తిప్పమంటవా? నీ నోట్ల మన్నువడ. ఇంకో మాటే దొరకలేదా?"

"నేనన్నది బండిని కాదు..."

మిగతాది వినకుండా వైకుంఠం బండిని ముందుకు దూకించాడు.

అనంతగిరి గుట్ట సగం ఎక్కేసరికి మోత ఆగింది. బండీ ఆగింది.

జాతర అయిపోయాక, లారీ వెనక కట్టి ఈడ్చుకొచ్చిన వ్యానును మెకానిక్ భిక్షపతి విప్పాడు. పిస్టన్ నెత్తిన బొటనవేలు పట్టేంత బొక్క.

"టైమింగ్ మస్తు ముందు పెట్టిన్రు. ఎవ్వరు చెప్పలేదా అన్నా?"

"ఒక ముసలాయన చెప్పిండు. బానెట్ మీద చెయ్యి పెట్టి." వైకుంఠం గొంతులో కోపమూ లేదు, ఏడుపూ లేదు. "నేనే గాజులనుకున్న. గంత లొల్లిల ఆయనకెట్ల వినబడ్డదో."

భిక్షపతి స్పానరు కింద పెట్టాడు.

"రామ్‌చందర్ ఉస్తాద్. నాకు పని నేర్పింది ఆయనే."

వైకుంఠం వ్యానులోకి చూశాడు. గాజు ఒక్కటీ పగల్లేదు. ఇంజన్ పోయింది, జాతర పోయింది. మిగిలినవి కొనేవాళ్లు లేని గాజులు, ఇప్పుడు తెలిసిన ఒక పేరు.

"ఏడుంటడు? పోయి తప్పయిందని చెప్పుకుంట."

"గీ పక్క గల్లీలనే. ఎదురుంగ నిలబడి నిమ్మళంగ చెప్పు అన్నా. ఉస్తాద్‌కు చెవులు వినబడక పదేండ్లాయె."