తారు పూసిన గుంజ

మడుగులో తేట నీళ్లు జింకలవి, బురద నీళ్లు అడవిపందులవి. అటూ ఇటూ గుంజలు పాతి మధ్యలో తాడు కట్టారు.

ఒకరోజు జింకల పెద్ద వచ్చి, "కొత్త చట్టమొచ్చింది. ఇక ఎవరైనా ఎక్కడైనా తాగొచ్చు" అంటూ తాడు విప్పేసింది.

పందులన్నీ తేట నీళ్లలోకి ఉరికాయి. ముసలి పంది మాత్రం ఒడ్డునే ఆగి గుంజను వాసన చూసింది.

"పెద్దయ్యా, ఈ తారు ఇంకా ఆరలేదే. ఎప్పుడు పూశారు?"

"పొద్దున్నే. చెదలు పట్టకుండా."

"తాడే లేనప్పుడు గుంజకి చెదలు పడితే మీకేం నష్టం?"

జింక తాడును జాగ్రత్తగా చుట్ట చుట్టి మెడలో వేసుకుంది. "నీకన్నీ అనుమానాలే, ముసలీ!"

"అవునయ్యా" అంది పంది. వెళ్లి కడుపునిండా తేట నీళ్లు తాగొచ్చి, ముట్టెతో గుంజ మొదట్లో తవ్వడం మొదలుపెట్టింది.