పొయ్యి ముట్టనన్న ఒట్టు

"ఇక్కడొద్దు. ఇంకెక్కడికైనా పోదాం," అన్నాడు మోయ్, హోటల్ గుమ్మంలోనే ఆగిపోయి.

"టేబుల్ చెప్పి పది రోజులైంది నాన్నా. నీ పుట్టినరోజనేగా," అంది కూతురు జానిస్.

ఆయన కడుపు బాగాలేదన్నాడు. లోపల పాటల మోత తన గుండెకి పడదన్నాడు. కెనడాలోని విన్నిపెగ్ చలికాలంలో గుమ్మం బయట నిలబడి వాదులాడుకోవడం ఎవరివల్లా కాదు. జానిస్ ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి లాక్కెళ్ళింది.

లోపల ఎర్ర లాంతర్లు, వెదురు తడికలు, బార్ వెనక గోడంత బుద్ధుడు, బుద్ధుడి ఒడినిండా మందు సీసాలు. మెడ దాకా బొత్తాలున్న పట్టు గౌన్లు తొడుక్కుని తెల్లమ్మాయిలు ట్రేలతో తిరుగుతున్నారు. హాలు మధ్యలో మంచి బల్ల చూపిస్తే ఆయన వినలేదు. నేరుగా మూలనున్న చీకటి బల్ల దగ్గరికి పోయి, గోడవైపు మొహం పెట్టుకుని కూర్చున్నాడు. తలమీది ఉన్నిటోపీ కూడా తియ్యలేదు.

జానిస్ మెనూ తెరిచింది. జపాను చేప, థాయ్ పులుసు, చైనా కుడుములు అన్నీ ఒకే పేజీలో ఉన్నాయి. ముప్ఫై ఎనిమిదేళ్ళు సొంత చైనా భోజనాల దుకాణంలో వంట చేసిన మనిషి, ఇలాంటిది చూస్తే ఈపాటికి పది వంకలు పెట్టాలి. ఈరోజు నోరు మెదపలేదు. బల్లకింద ఆయన కాలు మాత్రం ఒకటే ఊగుతోంది.

ఒక వెయిట్రెస్ వచ్చింది. ఆయన్ని చూడగానే ఏదో అనబోయి, ఆయన కనుబొమలు ముడవగానే నోరు మూసుకుంది. వెళ్ళి జానిస్‌కి ఐసు నీళ్ళూ, ఆయనకి పొగలు కక్కే మల్లెపూల టీ తెచ్చిపెట్టింది. టీ కావాలని ఎవరూ అడగలేదు.

"ఆ అమ్మాయి నీకు తెలుసా?"

"నాకెలా తెలుస్తుంది?"

ఇంతలో వంటింటి తలుపు సందులోంచి ఒక వంటవాడు తల బయటపెట్టి, మోయ్‌ని చూసి చెయ్యి ఊపాడు. ఆయన టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు.

"వాడెవరు మరి?"

"ఎవరనుకున్నాడో ఏమో. వీళ్ళకి మన చైనా ముసలాళ్ళందరూ ఒకేలా కనిపిస్తారు," అన్నాడాయన, టీ కప్పులోకి చూస్తూ.

జానిస్ మెనూ మూసేసింది. రెండు నెలలుగా ఆయన రోజూ సాయంత్రం వృద్ధుల క్లబ్బుకి మాజాంగ్ ఆడటానికని వెళ్ళి, ఎనిమిది దాటాక వస్తున్నాడు. కోటు నిండా మాడిన నువ్వులనూనె వాసన. అన్నం పెడితే ఆకలి లేదంటాడు. క్లబ్బులో ఎవరో వండుకొస్తున్నారంటే నమ్మింది.

నిరుడు దుకాణం వంటింట్లో, మండుతున్న పొయ్యి పక్కన ఆయన బోర్లా పడి ఉండటం మొదట చూసింది ఆమే. ఇక పొయ్యి ముట్టనని ఆస్పత్రి మంచం మీద ఆమె చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు. మరుసటి వారమే దుకాణం అమ్మేశారు.

"నాన్నా, నా మొహం చూసి చెప్పు. ఇక్కడ పనికి వస్తున్నావా?"

ఆయన మొహం చూడలేదు. కాలు ఊగడం ఆగింది.

"పొయ్యి ముట్టుకోలేదు," అన్నాడు మెల్లగా.

"అది కాదు నేనడిగింది."

"ఇంట్లో గోడలు చూస్తూ ఎంతసేపు కూర్చోమంటావే? పొయ్యి ముట్టుకోలేదన్నాను. అంతకంటే అడక్కు."

ఒప్పుకున్నట్టేగా. జానిస్‌కి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కుర్చీ వెనక్కి నెట్టి లేచింది. ఆయన "జానిస్, కూర్చో" అని మణికట్టు పట్టుకున్నాడు. విడిపించుకుంది. వెనక నుంచి ఆయన పిలుస్తున్నా ఆగకుండా బార్ దగ్గర నిలబడ్డ మేనేజర్ ముందుకి పోయి నిలుచుంది. పసుపుపచ్చ జుట్టు పిలక కట్టుకున్న పొడుగాటి మనిషి, కర్ట్ అని చొక్కామీద పేరు.

పాటల మోతలో ఆమె దాదాపు అరవాల్సి వచ్చింది. తను మోయ్ గారి కూతుర్నంది. ఆయనకి గుండె ఆపరేషనై ఏడాది కూడా కాలేదంది. డాక్టర్లు వేడి దగ్గర నిలబడొద్దన్నారనీ, ఈ వయసు మనిషిని పెట్టుకునేముందు ఇంట్లోవాళ్ళని ఒక్క మాట అడగక్కర్లేదా అనీ కడిగేసింది. "ఏదన్నా అయితే మీరు తెచ్చిస్తారా నాకు నాన్నని? రేపట్నించి ఆయన్ని స్టవ్ దగ్గరికి రానిచ్చారంటే ఊరుకోను."

కర్ట్ ఆమె మొహంలోకి అయోమయంగా చూశాడు.

"స్టవ్వా? మిస్టర్ మోయ్‌కి వంట కూడా వచ్చా?"

జానిస్ వెనక్కి తిరిగి చూసింది. మూలబల్ల దగ్గర నాన్న రెండు చేతుల్లో మొహం దాచుకుని ఉన్నాడు.

"మరి రోజూ ఇక్కడ ఆయన చేసే పనేమిటి?"

"తినడమేనండీ," అన్నాడు కర్ట్. "వీధిలోకి కనబడేలా అద్దం పక్కన కూర్చుని నాలుగు గంటలసేపు చాప్‌స్టిక్స్‌తో తింటూ ఉంటారు. ముసలి చైనాయన రోజూ వచ్చి తింటున్నాడంటే ఇక్కడిది అసలైన చైనా వంటేనని జనం నమ్మి లోపలికొస్తారు."