చైర్మన్ గారి ప్రాస

"నోరు మూసుకుంటే బయటపడతావు బావా. తెరిచావో, ఊచలు లెక్కపెట్టాల్సిందే!" అన్నాడు లాయరు బావమరిది, హాలు పక్క గదిలో బావ టై సరిచేస్తూ.

గొడుగుల కంపెనీ చైర్మన్ తలుపు సందులోంచి హాల్లోకి తొంగి చూశాడు. లాభాలు ఉబ్బించి చూపించారన్న అనుమానంతో ప్రభుత్వం వాళ్లు కంపెనీ మీద గుట్టుగా విచారణ చేస్తున్నారు. అవతల హాల్లో వాటాదారులు కూర్చున్నారు. ఈ ముక్క వాళ్ల చెవిన పడిందా, షేరు ధర పాతాళానికే.

"దాచిపెడితే నేరం కాదూ?"

"విచారణ మొదలైందని దండోరా వేయమని మన చట్టంలో లేదు. కానీ ఉన్నదాన్ని లేదన్నావంటే అది మోసం. ఎవరైనా 'విచారణ ఉందా' అని అడిగితే, 'మాకే విచారమూ లేదు' అని నవ్వెయ్. అక్కడితో ఆపెయ్. నీ ప్రాస పిచ్చి తగలెయ్య, ఇంకొక్క ముక్క కలపకు!"

ఆ భయం ఊరికే రాలేదు. "మా గొడుగు, మీ అడుగు" అని ప్రకటన రాసుకున్న మహానుభావుడాయన. పెళ్లాంతో పోట్లాటైనా సరే, ప్రాస కుదిరేదాకా ఆగి మరీ తిడతాడు.

సభ సాఫీగానే సాగింది. చివర్లో ముందు వరసలోంచి లేచింది ఎవరనుకున్నారు? సాక్షాత్తూ అత్తగారు. ఆవిడ దాచుకున్నదంతా ఈ షేర్లలోనే ఉంది మరి.

"అల్లుడుగారూ, కంపెనీ మీద ఏదో విచారణ జరుగుతోందంటున్నారు. నిజమేనా?"

కన్నతల్లే కొంప ముంచేలా ఉందనుకున్నాడు బావమరిది. చైర్మన్ మాత్రం చక్కగా నవ్వాడు.

"మాకే విచారమూ లేదు అత్తయ్యగారూ!"

హాలంతా నవ్వులు. అక్కడ ఆగొచ్చుగా? ఆగితే ఆయనెందుకవుతాడు! నాలుక దురద పెట్టింది.

"విచారమూ లేదు, విచారణా లేదు!"

చప్పట్లే చప్పట్లు. "మా అల్లుడు బంగారం" అంటూ అత్తగారు కూర్చుంది. బావమరిది తల పట్టుకున్నాడు.

అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టిన బట్టతలాయన వెనక వరసలోంచి వేదిక దాకా వచ్చాడు. "అబ్బ, ఏం ప్రాస సార్! ఇంకొక్కసారి అనండి, ఫోన్లో రికార్డు చేసుకుంటా."

చైర్మన్ పొంగిపోయాడు. గొంతు సవరించుకుని, ఈసారి కాస్త రాగం కూడా తీసి అన్నాడు.

బట్టతలాయన ఫోను జేబులో పెట్టుకుని, గుర్తింపు కార్డు తీశాడు.

"ఆ విచారణ చేస్తున్నది నేనే సార్. మీ లెక్కలన్నీ జల్లెడ పట్టాం, చిన్న తప్పు కూడా దొరకలేదు. ఈ సాయంత్రమే ఫైలు మూసేద్దామనుకున్నాం, ఇందాక మీ ప్రాస వినేదాకా."