పూత ఉన్న పక్క

“ఈ వారం ఎటు సలుపుతోంది మాస్టారూ?”

“కుడివైపేనమ్మా. ఎడమ పక్క ఒకటి ఉన్న సంగతే గుర్తురావడం లేదు.”

దంతవైద్యురాలు ఆ మాట రాసుకుంది. ముఖంలో ఏ భావమూ కనిపించనివ్వలేదు. చిన్న అద్దం పట్టుకుని, ఎప్పటిలాగే ముందు ఎడమవైపు చాలాసేపు చూసి, తర్వాత కుడివైపుకు వచ్చింది.

మాస్టారి కింది దవడలో, ఊడిన పళ్ల చోట, అటొకటి ఇటొకటి టైటానియం మరలు బిగించి ఆరు నెలలు కావస్తోంది. ఒకదానికి ఎముకలో ఉండే ఖనిజంతోనే తయారైన పలుచని సిరామిక్ పూత ఉంది. రెండోది ఉత్త లోహం. పూత ఉంటే ఎముక మరను త్వరగా పట్టుకుంటుందనీ, సలుపు తగ్గుతుందనీ ఆమె నమ్మకం. ఆ నమ్మకం వెనక ఎనిమిదేళ్ల చాకిరీ ఉంది. ఏ పక్క ఏది ఉందో బిగించిన వైద్యుడికే తెలుసు. ఆయన ఆ సంగతి రాసి, కవరుకు సీలు వేసి, ఇంకో ఊరు వెళ్లిపోయాడు.

పన్నెండుమంది ఈ పరీక్షకు ఒప్పుకున్నారు. పదకొండుమంది కవర్లు విప్పేసరికి ముల్లు ఎటూ మొగ్గలేదు. ఇక మిగిలింది మాస్టారు. ఏ రోజు ఎటు సలిపిందో ఆయన రాసే పుస్తకంలో పూత ఉన్న పక్క సలుపు తక్కువని తేలితే పరిశోధన సాగుతుంది, లేకపోతే ఆమె ప్రయోగశాల ఖాళీ చేయాలి. ఇంత చిన్న లెక్కతో ఏదీ తేల్చకూడదని మాస్టారు గొణిగారు. పరిశోధనకు డబ్బిచ్చే సంఘానికి అంత ఓపిక లేదని ఆమె నవ్వింది.

బడిలో ఆమెకు భౌతికశాస్త్రం చెప్పింది ఆయనే. ‘కనిపించింది రాయండి, కావలసింది రాయకండి’ అని ముప్పయ్యేళ్లు పిల్లల చెవులు చిల్లులు పడేలా చెప్పిన మనిషి. అందుకే ఏరికోరి ఆయన్ని పిలిచింది. షరతు ఒక్కటే: కవరు విప్పాక పుస్తకంలో అక్షరం మార్చినా చెల్లదు.

ఇంట్లో ఆయన భార్యకు ఈ తతంగమంతా వింతగా ఉండేది.

“పాపం, ఆ పిల్ల పూత గెలవాలని నాకుంది. మీకు లేదూ?” అని అడిగిందొకరోజు.

“నా కోరికతో ఎముకకు పనేమిటే?” అని ఆయన పుస్తకం తెరిచి, ఆ రోజు వరసలో ‘కుడి’ అని రాశారు.

ఆఖరి రోజు మాస్టారు చూస్తుండగానే ఆమె కవరు చించింది. కాగితం ఒకసారి చదివింది, మళ్లీ చదివింది. బల్లమీద పెట్టి, నలగకపోయినా అరచేత్తో సాపు చేసింది.

“పూత ఉన్నది కుడివైపండీ” అంది.

మాస్టారు కుర్చీలోంచి లేవబోయి ఆగిపోయారు. సంఘానికి ఉత్తరం ఈవేళే పంపేస్తాననీ, తన సామాను పెద్దగా లేదనీ ఆమె మామూలుగానే చెప్పింది.

“బాధపడకండి మాస్టారూ. ఇంకొకరైతే నామీద జాలితో ఏదో ఒకటి రాసేవారు. మీరు గనక ఉన్నది ఉన్నట్టు రాశారు. నాకు కావలసిందీ అదే.”

ఆయన తన పుస్తకం మూసి ఆమె ముందు పెట్టారు.

“ఒక్కటి అడుగుతానమ్మా. ప్రతిసారీ ముందు ఎడమవైపే చూసేదానివి, అదీ అంతసేపు. ఎందుకు?”

“కిటికీ అటే కదండీ. వెలుతురు బాగుంటుందని.”

“అంతేనా? పూత అటుందని కాదూ?”

“అంతే. ఏం మాస్టారూ?”

ఆరు నెలలుగా ఆయనకు సలుపుతున్నది ఎడమవైపే.