లేబులు మాస్టారు

మందుల షాపు ముందు నిలబడి ఒక మనిషి సీసా వెనక రాసి ఉన్న చిన్న అక్షరాలు చదువుతున్నాడు.

అప్పటికి పావుగంటైంది.

చొక్కా కాలరు పోగులు లేచింది. కళ్లద్దాల కాడకు దారం చుట్టి ఉంది. ఇలాంటి మొహాలు కొనడానికి రావని యజమానికి పదకొండేళ్ల వ్యాపారం నేర్పింది.

అతను వారానికోసారి వచ్చేవాడు. ఏదో ఒక మందు అడిగి తీసుకుని, తిప్పి తిప్పి చదివి, తిరిగిచ్చేసి వెళ్లిపోయేవాడు. యజమాని అతనికి లేబులు మాస్టారని పేరు పెట్టాడు. ఆ పేరు విని నవ్వని కస్టమరు లేడు.

ఆ రోజు అతని చేతిలో ఉన్నది కాడ్‌లివర్ ఆయిల్.

యజమానికి ఆ చేపనూనె మీద ఎక్కడలేని నమ్మకం. మోకాళ్ల నొప్పులన్నా, చూపు మందగించిందన్నా, పిల్లాడు అన్నం తినడం లేదన్నా అదే చేతిలో పెట్టేవాడు. సీసా మీద ఒక చెంచా అని ఉంటే రెండు తాగమనేవాడు. చేప కాలేయంలోంచి తీసిన నూనె, ఎక్కువైతే ఇంకాస్త బలమే తప్ప విషమవుతుందా అనేవాడు. తనూ పొద్దున్నే రెండు చెంచాలు మింగి, ఆ కంపుతోనే బేరాలు మొదలుపెట్టేవాడు.

బిల్లులు కొట్టే కూతురికి అప్పుడు మూడో నెల. రోజూ ఎదురుగా నిలబడి ఆమె చేతా రెండు చెంచాలు తాగించేవాడు.

ఆమె ముక్కు మూసుకుని తాగడం లేబులు మాస్టారు చూశాడు.

"ఎన్నో నెల తల్లీ?"

"మూడో నెలండీ."

"అయితే ఇది తాగకూడదమ్మా."

యజమాని తలెత్తాడు.

అతను నెమ్మదిగా చెప్పుకొచ్చాడు. నూనె చెడ్డదని తను అనడం లేదు. ఎండ మొహం చూడనివాళ్ల ఎముకలకు మంచిదే, కీళ్ల నొప్పులకు కొందరికి పనిచేస్తుంది కూడా. కానీ ఇందులో ఎ విటమిన్ బాగా ఎక్కువ. మిగిలిపోయింది ఒంట్లోంచి తొందరగా పోదు, కాలేయంలో పేరుకుపోతుంది. జుట్టు రాలుతుంది, తల పగిలిపోతుంది, ఎముకలు గుల్లబారతాయి. కడుపుతో ఉన్నవాళ్లు మొదటి నెలల్లో మోతాదు మించి తాగితే బిడ్డ అవయవాలకే ముప్పు.

"నువ్వు డాక్టరువా?" అన్నాడు యజమాని.

"కాదండీ."

"మరి నా షాపులో నీకేం పని?"

అతను దారం చుట్టిన కళ్లద్దాలు సర్దుకున్నాడు.

"ఉందనే అనుకున్నానండీ" అన్నాడు.

వరసలో నిలబడ్డవాళ్లు నవ్వారు. యజమాని అతని చేతిలో సీసా లాక్కుని, అందరూ చూస్తుండగా గుడ్డతో తుడిచి, అలమరలో పెట్టాడు. పొద్దుపోనివాళ్లకి వీధి చివర పార్కు ఉందని దారి చూపించాడు.

అతను వెళుతూ కూతురి దగ్గర ఆగాడు.

"నా మాట మీద మానొద్దు తల్లీ. మీ డాక్టరమ్మని ఒక్కసారి అడుగు."

ఆ తర్వాత రెండు రోజులు యజమాని వచ్చిన ప్రతివాళ్లకీ ఆ గొంతు అనుకరించి చూపించాడు.

లేబులు మాస్టారు మరొక్కసారి వచ్చాడు. అతన్ని చూడగానే యజమాని మెట్లు కడిగించడం మొదలుపెట్టాడు. బకెట్ నీళ్లు చెప్పుల మీద పడ్డాయి. అతను పక్కకు జరిగి, కూతురి వైపు చూసి, మానేశావా అన్నట్టు కనుబొమలెత్తాడు. ఆమె మానేశానన్నట్టు తలూపింది.

అతను మళ్లీ రాలేదు.

కూతురికి పండంటి ఆడపిల్ల పుట్టింది. యజమాని వార్డులో పక్క మంచాలవాళ్లను కూడా వదలకుండా, అంతా తన నూనె చలవేనని చెప్పుకుంటున్నాడు.

"నేను తాగలేదు నాన్నా" అంది కూతురు. "ఆర్నెల్ల నుంచి మన వాష్‌బేసిన్ తాగింది."

డాక్టరమ్మ కూడా అదే చెప్పింది. కూతురు అడగ్గానే తనే మాన్పించానంది. తాగి ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరట, మానేయడమే మంచిదైందట. తర్వాత యజమాని పగిలిన పెదాలూ పలచబడ్డ జుట్టూ చూసి, మీరెంత తాగుతున్నారని అడిగి, కాలేయం పరీక్ష రాసిచ్చింది.

ఫలితం చూశాక యజమాని రెండు రోజులు ఎవరికీ నూనె అమ్మలేదు.

మూడో రోజు షాపులోకి ఒక కుర్చీ తెప్పించాడు.

"వాడొస్తే కూర్చోబెడతాను" అన్నాడు ఇంటికెళ్లి కూతురితో. కాసేపాగి, "ఆయనొస్తే" అన్నాడు.

వారమైంది. లేబులు మాస్టారు రాలేదు, లైసెన్సుల ఆఫీసరు వచ్చాడు. షాపు ఫార్మసిస్టు చనిపోయి నెలైందనీ, కొత్తవాళ్లను పెట్టుకునేదాకా షట్టరు తెరవకూడదనీ చెప్పాడు.

మందులు అమ్మాలంటే చదువుకున్న ఫార్మసిస్టు షాపులో ఉండి తీరాలి. యజమాని ఆ చదువు చదివింది లేదు. పదకొండేళ్ల కిందట ఒక బ్రోకరు ఎవరో ఫార్మసిస్టు సర్టిఫికెట్ తెచ్చిస్తే, దాని మీద లైసెన్సు తీసుకున్నాడు. ఆ మనిషి మొహం ఎలా ఉంటుందో ఏనాడూ చూడలేదు, చూడాలని అనుకోనూ లేదు. ఆ మాట ఆఫీసరుతో చెప్పలేడు కదా. మొహం విచారంగా పెట్టుకున్నాడు.

"దేవుడిలాంటి మనిషండీ. రోజూ షాపులోనే ఉండేవారు. ఆయన్ని అడగందే నేను ఒక్క సీసా కూడా ఇచ్చేవాణ్ణి కాదు."

అయితే ఇక్కడ సంతకం పెట్టండంటూ ఆఫీసరు ఫైలు తెరిచి అతని వైపు తిప్పాడు.

ఆ కాగితానికి అంటించిన ఫొటోలో ఉన్నది లేబులు మాస్టారు.