తూకానికి మించిన రాళ్లు

కర్నూలు జనమంతా తేలే ఇళ్లకు మారిపోతున్న రోజులవి. మబ్బుల కింద నిలిచే ఆ ఇళ్లలోకి మనిషికి పది కిలోల సామానే తీసుకెళ్లనిస్తారు. మిగతాదంతా చూడ్డానికే తప్ప ముట్టుకోను వీల్లేని వెలుగు బొమ్మలుగా మార్చుకోవాల్సిందే. సుంకులమ్మ తన పెళ్లి చీరను కూడా అలాగే మార్చేసింది. జేజినాయన రాళ్లపెట్టె దగ్గర మాత్రం ఆమెకు చెయ్యాడలేదు. అదొక్కటే పాతిక కిలోలుంది.

సుంకులమ్మకు తాత అయిన ఆ ముసలాయన బతికినన్నాళ్లూ తొలకరికి జొన్నగిరి చేలల్లో వంగి వజ్రాలు వెతికాడు. వజ్రం దొరకలేదు గానీ పచ్చవి, పొగరంగువి, తేనెరంగువి అరవై రాళ్లు పోగేశాడు. ఒక్కోదానికి చుట్టిన కాగితం మీద ఏ చేలో దొరికిందో రాసిపెట్టాడు.

"బొమ్మలో కూడా అచ్చం ఇట్లే మెరుస్తాయి కదమ్మా," అంది కూతురు మేఖల.

"మెరుస్తాయిలే. చేతిలో బరువుండదు గదా పాపా. దొరికిన తావుల్లోనే దాచిపెడదాం పా."

మర్నాడు సన్నటి తుంపరలో తల్లీకూతుళ్లు కాగితాలు చదువుకుంటూ ఏ చేని రాయిని ఆ చేలోనే పెట్టారు. ఎర్రమట్టి మెత్తగా తడిసి ఉంది. తలపైన ఇళ్లు పడవల్లా కదులుతున్నాయి. పెట్టె ఖాళీ అయ్యాక సుంకులమ్మ కళ్లు తుడుచుకుని లేచింది.

మేఖల లేవలేదు. గోటితో మట్టి గీకి, నీలిరంగు రాయి ఒకటి పైకెత్తింది.

"అమ్మా, ఇది మనం పెట్టింది కాదు. చూడు!"

సుంకులమ్మ దాన్ని తుడిచి చూసింది. నిజంగానే అది పెట్టెలోది కాదు.

"సరే, పోదాం పా. పొద్దు వాలుతాంది."

"ఇంకొంచెం సేపుందామమ్మా," అంటూ మేఖల మోకాళ్ల మీదే పక్క సాలులోకి జరిగింది.