అమ్మీ నిద్ర

“మా అమ్మీ చిట్యాల దాక నిద్ర పోవాలె. పోతే నౌకరి నీది. నడుమల లేచిందనుకో, లేచిన కాడనే నువ్వు దిగాలె. గంతే,” అన్నాడు మక్సూద్.

పర్వతాలు నవ్వబోయాడు. లారీ ఓనరు నవ్వలేదు. మేళ్లచెరువు సిమెంటు ఫ్యాక్టరీ గేటు ముందు లోడుతో నిలబడ్డ లారీలో అతని తల్లి లాడ్లీ బేగం అప్పటికే ఎక్కి కూర్చుంది. డెబ్బై దాటిన మనిషి. కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది.

“కుదుపు లేకుంట నడిపెటోడే డ్రైవరు. నీ బ్రేకు, నీ గేరు, అన్నీ ఆమె నిద్రల తెలుస్తయి.” మక్సూద్ డ్రైవరు సీటు వెనక బల్ల మీదికి చేరాడు. “మొన్న ట్రయల్‌కొచ్చినోడు పసిపిల్ల లెక్క పండవెట్టిండు. అయినా అమ్మీ వాణ్ని వద్దన్నది. ఎందుకో చెప్పదు. నువ్వు జర పైలం.”

ఈ నెలలో పర్వతాలు పని అడిగిన నాలుగో లారీ ఇది. ఇదీ తప్పితే ఊరికి పోయి తమ్ముడి గొర్ల వెంట తిరగడమే.

బండి కదిలింది. కోదాడ దాటక ముందే ఆమె నోరు కొద్దిగా తెరుచుకుంది. సన్నని గురక. ఇంజను మోతలోంచి ఆ ఒక్క చప్పుడునే ఏరుకుని వింటూ పోయాడు పర్వతాలు. గురక ఆగితే అతని ఊపిరీ ఆగేది. మళ్లీ మొదలైతే చేతులు వదులయ్యేవి. తను లారీని కాదు, ఆ గురకను నడుపుతున్నాననిపించింది. సూర్యాపేట, నకిరేకల్ వెనక్కి పోయాయి. వీపు మీది చొక్కా తడిసి సీటుకు అంటుకుంది.

“శభాష్,” అన్నాడు మక్సూద్ మెల్లగా. “ఇంకో రెండు కిలోమీటర్లే.”

హైవే దిగి గోదాము దారి పట్టారు. ఎదురుగా గొర్ల మంద రోడ్డు దాటుతోంది. పర్వతాలు చాలా ముందుగానే వేగం తగ్గించి, బండిని దాదాపు పాకించాడు. మంద దాటింది. గురక ఆగలేదు. గేరు మార్చి వేగం అందుకున్నాడు.

అప్పుడు దుమ్ములోంచి వెనకబడ్డ గొర్రెపిల్ల ఒకటి ఉరికి వచ్చి రోడ్డు మధ్యన నిలబడింది.

“బ్రేకు కొట్టకు,” చెవి దగ్గర మక్సూద్ గుసగుసలాడాడు. “అమ్మీ లేస్తది.”

ఇంత లోడుకు గొర్రెపిల్ల తగిలినట్టు కూడా తెలియదు. గురక సాగుతూనే ఉంటుంది. ఆ ఆలోచన మక్సూద్‌ది కాదు, తనదే. అది తెలిసి పర్వతాలు జడుసుకున్నాడు. అప్పటికే అతని కాలు బ్రేకును అడుగంటా తొక్కేసింది.

లారీ మొత్తం కీచుమంది. ముసలామె ముందుకు తూలి డాష్‌బోర్డుకు రెండు చేతులూ ఆనించి ఆపుకుంది. బంపరుకు జానెడు దూరంలో పిల్ల ‘మే’ అని అరిచి మంద వైపు పరుగెత్తింది.

ముసలామె కళ్లు తెరిచి ఉన్నాయి.

“దిగు,” అన్నాడు మక్సూద్. “నువ్వు డ్రైవర్‌వా, గొర్లకాపరివా?”

“రెండూ, సేటూ.”

పర్వతాలు సద్ది సంచీ తీసుకుని తలుపు తెరిచాడు. కాలు కింద పెట్టబోతుంటే లాడ్లీ బేగం అతని చొక్కా పట్టుకుంది.

“యాడికి పోతున్నవు కొడుకా? కూసో. రేపటి సంది బండి నీదే.”

“అమ్మీ!” మక్సూద్ గొంతు పెంచాడు. “నిన్ను లేపిండు గదా!”

ఆమె జారిన కొంగును నిదానంగా తలమీదికి లాక్కుంది.

“లేపిండు. మొన్నటోడు లేపలె. ఇంటికొచ్చినంక నువ్వు బంపరుకంటిన నెత్తురు కడుగుతుంటె చూసిన, బేటా.”